అల్ప ధనం - అనల్ప ధర్మం

సమాజంలో అన్యాయం రెండు రూపాల్లో కనిపిస్తుంది. మొదటిది ఒక్క మనిషికి జరిగే పెద్ద అన్యాయం. భూమి ఆక్రమణ, అక్రమంగా ఉద్యోగం నుంచి తొలగింపు, ప్రాణహాని ఈ కోవలోకి వస్తాయి. అటువంటి సందర్భంలో బాధితుడు గొంతెత్తుతాడు, లోకం ఆలకిస్తుంది, న్యాయస్థానం విచారిస్తుంది. రెండవది లక్షలాది మందికి తలా కొంచెంగా జరిగే చిన్న అన్యాయం. పోగొట్టుకున్నవాడు ఒకసారి నిట్టూర్చి ఊరుకుంటాడు. తీసుకున్నవారి ఖజానాలో మాత్రం ఆ చిన్న మొత్తాలే కోట్లుగా పేరుకుంటాయి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని లోకం హితవు చెబుతుంది. ఆ హితవు వినేవారు ఎక్కువ కావడమే ఈ రెండవ రకం అన్యాయానికి బలం.

అన్యాయాన్ని దాని పరిమాణాన్ని బట్టి తూచాలా, స్వభావాన్ని బట్టి తూచాలా? స్వల్ప మొత్తం కోసం న్యాయస్థానానికి వెళ్ళడం పౌరుడి కర్తవ్యమా, లేక కేవలం పట్టుదలా? ఇవి తత్వగ్రంథాలకే పరిమితమైన ప్రశ్నలు కావు. 21వ శతాబ్దపు తొలి దశాబ్దంలో బ్రిటన్‌లోని సామాన్య బ్యాంకు ఖాతాదారులు వీటిని ఆచరణలో ఎదుర్కొన్నారు. వారి అనుభవం భారతీయ పాఠకుడికి దూరదేశపు వార్తగా తోచవచ్చు. కాని అందులోని ధర్మసంకటం మాత్రం మనకు పరాయిది కాదు.

ముప్పై పౌండ్ల కథ

బ్రిటన్‌లో కరెంటు ఖాతాలో సొమ్ము నిల్వ ఉన్నంతకాలం నిర్వహణ రుసుము సాధారణంగా ఉండదు. చెక్కు పుస్తకం, కార్డు, నెలవారీ చెల్లింపులు అన్నీ ఉచితంగానే లభిస్తాయి. అయితే నిల్వ లేని సమయంలో ఒక చెక్కు గాని, ముందుగా ఆదేశించిన చెల్లింపు గాని వచ్చి పడితే పరిస్థితి మారిపోయేది. బ్యాంకు ఆ చెల్లింపును అనుమతించినా, తిప్పి పంపినా ఒక చార్జీ విధించేది. 2000 దశకం మధ్యలో ఆ చార్జీ తరచుగా 30 పౌండ్లకు అటూఇటూగా ఉండేది. ఖాతా తరిగింది రెండు మూడు పౌండ్లే అయినా చార్జీ మాత్రం అంతే. ఆ చార్జీ వల్లనే ఖాతా మరింత తరిగిపోవడం, దానివల్ల మరుసటి చెల్లింపు కూడా విఫలం కావడం, దానిపై మరొక చార్జీ పడటం సామాన్యమైంది. జీతం రావడానికి నాలుగు రోజుల ముందు మొదలైన చిన్న లోటు నెలాఖరుకు వంద పౌండ్ల భారంగా మారేది.

ఈ చార్జీల ద్వారా 2006లో బ్యాంకులకు సమకూరిన రాబడి సుమారు 260 కోట్ల పౌండ్లు. కరెంటు ఖాతాలపై వచ్చే మొత్తం ఆదాయంలో అది దాదాపు 30 శాతం. ఒక్కొక్కరి నుంచి తీసుకున్నది చిన్న మొత్తమైనా, వ్యవస్థ అంతా దాని మీద ఆధారపడి నిలిచి ఉందని ఈ అంకెలే చెబుతున్నాయి.

1080 అక్షరాల అర్జీ

ఖాతాదారుడికి ప్రతికూలంగా ఉన్న ఈ పరిస్థితిలో రెండు వెసులుబాట్లు అతనికి తోడ్పడ్డాయి. ఒకటి, ఇంగ్లండు, వేల్సులలో అప్పట్లో 5,000 పౌండ్ల లోపు వివాదాలను విచారించిన స్మాల్ క్లెయిమ్స్ పద్ధతి. ఇందులో ఓడినవారు గెలిచినవారి న్యాయవాది ఖర్చును భరించవలసిన నియమం సాధారణంగా వర్తించదు. కనుక న్యాయవాది లేకుండా సామాన్యుడు తన వాదన తానే వినిపించుకోవడానికి భయపడనవసరం లేదు. రెండవది, ప్రభుత్వం ప్రవేశపెట్టిన ఆన్‌లైన్ దావా విధానం. ఇంటి నుంచే కంప్యూటరు ద్వారా నార్తాంప్టన్ కౌంటీ కోర్టులో దావా దాఖలు చేయగలిగేవారు.

ఆ ప్రక్రియ క్రమం గమనించదగినది. ఖాతాదారుడు మొదట 1998 నాటి సమాచార పరిరక్షణ చట్టం కింద పది పౌండ్ల లోపు రుసుముతో తన పాత లెక్కలు తెప్పించుకునేవాడు. బ్యాంకు 40 రోజుల్లో వాటిని ఇవ్వవలసి ఉండేది. కాలపరిమితి చట్టం ఆరు సంవత్సరాలు కనుక అన్ని సంవత్సరాల చార్జీలనూ వరుసగా పట్టిక వేసేవాడు. సొమ్ము తిరిగి ఇమ్మని బ్యాంకుకు లేఖ రాసి, తగిన గడువు ఇచ్చేవాడు. సమాధానం సంతృప్తికరంగా లేకపోతే దావా వేసేవాడు. దావా పత్రంలో తన వాదనను 1080 అక్షరాలకు మించకుండా చెప్పాలి. చట్టం అనుమతించిన ఎనిమిది శాతం వడ్డీని కూడా కోరవచ్చు. కోర్టు రుసుమును కార్డు ద్వారా చెల్లిస్తే నోటీసు బ్యాంకుకు వెళుతుంది. బ్యాంకు 14 రోజుల్లో స్పందించాలి. నోటీసు అందినట్లు తెలియజేస్తే ఆ గడువు 28 రోజులవుతుంది. స్పందన లేకపోతే ఏకపక్ష తీర్పు కోరవచ్చు. ఎదురు వాదన దాఖలైతే వ్యవహారం స్థానిక కోర్టుకు బదిలీ అవుతుంది.

ఈ ఏర్పాటులో ఒక నైతిక విలువ ఇమిడి ఉంది. వేల కోట్ల ఆస్తి గల సంస్థ, నెల జీతంతో బతికే గుమాస్తా ఒకే నమూనా పత్రంలో వాది ప్రతివాదులుగా నిలుస్తారు. ఇద్దరికీ ఒకే గడువు, ఒకే నియమం వర్తిస్తాయి. చట్టం ముందు సమానత్వం అనే మాట రాజ్యాంగ ప్రకరణం నుంచి దిగివచ్చి నిత్యవ్యవహారంలో అడుగు పెట్టేది ఇటువంటి చోటనే.

మాట తప్పినవాడికి హక్కు ఉందా?

ఈ పోరాటానికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. దానిని దాటవేయడం న్యాయం కాదు. ఖాతాదారుడు ఒప్పందంపై సంతకం చేశాడు. నిల్వకు మించి సొమ్ము తీస్తే చార్జీ పడుతుందని అందులో రాసి ఉంది. లెక్క చూసుకోవలసిన బాధ్యత అతనిది. తన అజాగ్రత్తకు ఫలితం అనుభవించవలసి వచ్చినప్పుడు అన్యాయమని ఆక్రోశించడం తగునా? ఒప్పందాలను గౌరవించకపోతే వ్యవహారం ఎలా సాగుతుంది?

న్యాయశాస్త్రం దీనికి చాలాకాలం క్రితమే ఒక సమాధానం ఆలోచించింది. మాట తప్పినవాడు ఎదుటివాడికి కలిగిన నష్టాన్ని పూరించాలి. అంతకు మించి అతణ్ణి శిక్షించే అధికారం ఎదుటి పక్షానికి లేదు. దండన రాజ్యానికి చెందిన అధికారం. వర్తకుడు ఒప్పందపత్రం చాటున ఆ అధికారాన్ని చేజిక్కించుకోకూడదు. డన్‌లప్ టైర్ల కంపెనీ వ్యాజ్యంలో 1914లో వెలువడిన ఆంగ్ల న్యాయసూత్రం నష్టపు ముందస్తు అంచనాకు, భయపెట్టే జరిమానాకు మధ్య గీత గీసింది. అంతకు నాలుగు దశాబ్దాల ముందే 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ఇంకా సూటిగా వ్యవహరించింది. ఒప్పందంలో ఎంత మొత్తం రాసుకున్నా, దానికి లోబడి సమంజసమైన పరిహారం మాత్రమే లభిస్తుందని అది నిర్దేశించింది.

కనుక అసలు ప్రశ్న ఖాతాదారుడు నిర్దోషా అన్నది కాదు. అతని దోషానికీ, చెల్లించిన మూల్యానికీ పొంతన ఉందా అన్నదే. కంప్యూటరు తనంతట తానే ఒక చెల్లింపును తిప్పి పంపడానికి బ్యాంకుకు ఎంత ఖర్చవుతుంది? ఖాతాదారులు వేసిన ప్రశ్న ఇదే. దానికి లెక్క చూపి సమాధానం చెప్పడానికి బ్యాంకులు సుముఖంగా లేకపోయాయి. క్రెడిట్ కార్డుల విషయంలో బ్రిటన్ వాణిజ్య పర్యవేక్షక సంస్థ 2006 ఏప్రిల్‌లో 12 పౌండ్లకు మించిన అపరాధ చార్జీని అన్యాయమైనదిగా భావిస్తామని ప్రకటించింది. ఆ ప్రకటన బ్యాంకు ఖాతాదారులకు కొత్త ధైర్యాన్ని ఇచ్చింది.

అయితే ఈ సూత్రం కూడా నిశ్చలంగా లేదు. వాహనాల పార్కింగు గడువు మించినందుకు విధించిన 85 పౌండ్ల చార్జీని 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు సమర్థించింది. నష్టంతో పొంతన లేకపోయినా, ఒప్పందం అమలులో ఎదుటి పక్షానికి న్యాయసమ్మతమైన ప్రయోజనం ఉండి, మొత్తం విపరీతం కాకపోతే చాలునని భావించింది. చట్టం ఎక్కడ గీత గీస్తుందో అక్కడే ధర్మం కూడా ఆగుతుందని అనుకోరాదు.

మౌనానికి వెల

దావాలు వెల్లువెత్తిన 2006, 2007 సంవత్సరాల్లో బ్యాంకులు అనుసరించిన వ్యూహం ఆలోచింపజేస్తుంది. విచారణ తేదీ సమీపించే వేళకు చాలా సందర్భాల్లో బ్యాంకు సొమ్ము చెల్లించి వ్యాజ్యాన్ని ముగించేది. తప్పు ఒప్పుకోకుండా, సద్భావంతో చెల్లిస్తున్నామని చెప్పేది. తీర్పు లేదు, పూర్వప్రమాణం లేదు. మరునాడు మరో ఖాతాదారుడి నుంచి అదే చార్జీ యథాతథంగా వసూలయ్యేది.

సొమ్ము అందుకున్న ఖాతాదారుడికి న్యాయం జరిగిందా? అతని వరకు జరిగిందనే చెప్పాలి. అతడు కోరింది తన సొమ్మే, అది వచ్చింది. కాని అతడు అందుకున్న మొత్తంలో, అడగని లక్షలాది మంది మౌనం కూడా కలిసి ఉంది. అడిగినవారికి ఇచ్చి, అడగనివారి వద్ద తీసుకోవడం సాగినంతకాలం న్యాయం హక్కుగా గాక, చదువుకున్నవారికి, తీరిక ఉన్నవారికి, పత్రాలు నింపడం తెలిసినవారికి దక్కే రాయితీగా మిగులుతుంది. ఆ చార్జీల భారం ఎక్కువగా పడింది నెలాఖరుకు చేతిలో డబ్బు ఆడనివారి మీద. వారిలో ఎందరికి దావా వేసే ఓపిక, కోర్టు రుసుముకు సరిపడే సొమ్ము ఉంటాయి?

ఇంత మాత్రాన సొమ్ము పుచ్చుకున్నవాణ్ణి నిందించడం తగదు. ఇంటి అద్దె కట్టవలసిన మనిషి సిద్ధాంతం కోసం పరిహారాన్ని తిరస్కరించాలని కోరడం ఇతరుల త్యాగంతో పుణ్యం కట్టుకోవడమే. నింద ఎవరికైనా చెందుతుందంటే, తాను తిరిగి ఇవ్వవలసినదని తెలిసిన సొమ్మును అడిగేదాకా ఇవ్వని సంస్థకు చెందుతుంది. ఒకవేళ తన చార్జీ న్యాయమైనదేనని ఆ సంస్థ నిజంగా నమ్మితే, న్యాయస్థానంలో నిలబడి ఆ మాట చెప్పడం దాని కర్తవ్యం. నమ్మకం ఉండీ చెల్లించడం, నమ్మకం లేకుండా వసూలు చేయడం రెండూ ధర్మానికి దూరమే.

సర్వోన్నత న్యాయస్థానం చెప్పింది, చెప్పనిది

చివరకు 2007 జులైలో వాణిజ్య పర్యవేక్షక సంస్థ, ఏడు బ్యాంకులు, ఒక బిల్డింగ్ సొసైటీ కలిసి ఒక నమూనా వ్యాజ్యాన్ని హైకోర్టు ముందుంచాయి. దేశవ్యాప్తంగా కౌంటీ కోర్టుల్లోని దావాలు నిలిచిపోయాయి. 2008 ఏప్రిల్‌లో హైకోర్టు, 2009 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు ఈ చార్జీలను న్యాయబద్ధత దృష్టితో పరీక్షించవచ్చని తేల్చాయి. కాని 2009 నవంబరు 25న, స్థాపితమై రెండు నెలలైనా నిండని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది.

తీర్పు సారాంశం సూక్ష్మమైనది. ఈ చార్జీలు బ్యాంకు అందించే సేవలన్నింటికీ కలిపి ఖాతాదారులు చెల్లించే మూల్యంలో భాగమని న్యాయస్థానం భావించింది. 1999 నాటి వినియోగదారుల ఒప్పంద నిబంధనల ప్రకారం, స్పష్టమైన భాషలో రాసి ఉన్నంతవరకు సేవకు మూల్యం తగినదా కాదా అన్న పరీక్షకు తావు లేదు. చార్జీలు న్యాయమైనవని న్యాయస్థానం చెప్పలేదు. ఆ ప్రాతిపదికపై ఆ ప్రశ్నను విచారించే వీలు చట్టం ఇవ్వలేదని మాత్రమే చెప్పింది. పత్రికల శీర్షికల్లో ఈ భేదం మరుగున పడింది. బ్యాంకులు గెలిచాయన్న మాట మిగిలింది. ఆ డిసెంబరులో పర్యవేక్షక సంస్థ తన పరిశోధనను విరమించుకుంది.

ఆ తీర్పు మరొక సత్యాన్ని వెలుగులోకి తెచ్చింది. నిల్వ ఉన్నవారి ఖాతా ఉచితంగా నడుస్తున్నదంటే, ఆ ఖర్చులో కొంత భాగాన్ని నిల్వ లేనివారి చార్జీలు భరిస్తున్నాయి. ఉచితం అనే మాట వెనుక ఎవరో ఒకరు చెల్లిస్తూనే ఉన్నారు. ఇక్కడ చెల్లిస్తున్నది పేదవాడు, అనుభవిస్తున్నది అతనికంటె కలిగినవాడు. చార్జీలపై ఎన్నడూ ఫిర్యాదు చేయనవసరం లేని జాగ్రత్తపరుడైన ఖాతాదారుడు కూడా ఈ విధంగా ఆ వ్యవస్థలో భాగస్వామి. తనకు తెలియకుండా కలిగే లాభానికి అతడు దోషి కాడు. తెలిసిన తరువాత మాత్రం ఉదాసీనంగా ఉండటానికి అతనికి నైతికమైన ఆధారం లేదు.

న్యాయస్థానంలో సాధ్యం కానిది నియంత్రణ ద్వారా సాధ్యమైంది. ఆర్థిక వ్యవహారాల నియంత్రణ సంస్థ 2019 జూన్‌లో కొత్త నియమాలు ప్రకటించి 2020 ఏప్రిల్ నుంచి అమలు చేసింది. ముందస్తు అనుమతి లేని ఓవర్‌డ్రాఫ్టుపై స్థిర చార్జీలను అవి నిషేధించాయి. అనుమతి ఉన్న అప్పుకు, లేని అప్పుకు వేర్వేరు ధరలు ఉండరాదని శాసించాయి. అటువంటి చార్జీల ఆదాయంలో సగానికి పైగా కేవలం 1.5 శాతం ఖాతాదారుల నుంచే వస్తున్నదని ఆ సంస్థ తన పరిశీలనలో కనుగొంది. దరిమిలా చాలా బ్యాంకులు ఓవర్‌డ్రాఫ్టు వడ్డీని 40 శాతం చుట్టుపక్కలకు పెంచాయి. ఏ సంస్కరణా తన ఖర్చును తానే రద్దు చేసుకోలేదు. కాని మూల్యం వడ్డీ రూపంలో బహిరంగంగా కనిపించడం, అప్పుకు అనులోమంగా ఉండటం స్వల్పమైన మార్పులు కావు.

మరి దావా వేసిన వేలాది మంది శ్రమ వృథా అయిందా? వారు అడగకపోతే ఆ లెక్క ఎవరూ అడిగేవారు కారు. ఒక్కొక్క దావా తనకు తానుగా అల్పమైనదే. అవన్నీ కలిసి ఒక చీకటి మూలను ప్రజల దృష్టికి తెచ్చాయి. ఓడిపోయిన వ్యాజ్యం కూడా శాసనకర్తకు చట్టంలోని లోటును చూపిస్తుంది.

భారతదేశంలో

ఇదే ధర్మసంకటం మన దేశంలో కనీస నిల్వ రూపంలో ఎదురైంది. పొదుపు ఖాతాలో నిర్ణీత మొత్తం లేకపోతే అపరాధ చార్జీ విధించే పద్ధతిపై రిజర్వు బ్యాంకు 2014 నవంబరులో మార్గదర్శకాలు వెలువరించింది. అవి 2015 ఏప్రిల్ నుంచి అమలయ్యాయి. చార్జీ విధించే ముందు ఖాతాదారుడికి తెలియజేసి నెల గడువు ఇవ్వాలి. ఎంత లోటు ఉన్నదో దానికి అనులోమంగా చార్జీ ఉండాలి. కేవలం చార్జీల కారణంగా ఖాతా రుణంలోకి జారరాదు. బ్రిటన్‌లో ఏళ్ళ తరబడి వాదనకు గురైన పొంతన సూత్రం ఇక్కడ మూడు వాక్యాల్లో ఇమిడి ఉంది. అయినప్పటికీ 2019-20 నుంచి 2023-24 వరకు ఐదేళ్ళలో ప్రభుత్వరంగ బ్యాంకులు ఈ పద్దు కింద సుమారు 8,500 కోట్ల రూపాయలు వసూలు చేసినట్లు 2024లో పార్లమెంటుకు ప్రభుత్వం తెలియజేసింది. స్టేట్ బ్యాంకు 2020లోనే ఈ చార్జీని రద్దు చేసింది. 2025లో కెనరా బ్యాంకు, పంజాబ్ నేషనల్ బ్యాంకు మొదలైనవి అదే బాట పట్టాయి.

పౌరుడికి మార్గాలు లేకపోలేదు. 1986 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం అన్యాయమైన ఒప్పందాన్ని నిర్వచించింది. 2020 నాటి నియమాలు ఐదు లక్షల రూపాయల లోపు వ్యవహారాలకు ఫిర్యాదు రుసుమును తొలగించాయి. అదే సంవత్సరం ఆన్‌లైన్‌లో ఫిర్యాదు దాఖలు చేసే ఈ-దాఖిల్ విధానం మొదలైంది. రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ వ్యవస్థ 1995 నుంచి ఉన్నది. అయితే ద్వారం తెరిచి ఉంచినంత మాత్రాన అందరూ లోపలికి రాగలిగినట్లు కాదు. మథుర రైల్వే స్టేషనులో 1999లో రెండు టికెట్లపై 20 రూపాయలు అధికంగా వసూలు చేశారని ఒక న్యాయవాది వేసిన ఫిర్యాదుకు 2022లో, అంటే 22 ఏళ్ళ తరువాత తీర్పు వచ్చింది. ఆ 20 రూపాయలను 12 శాతం వడ్డీతో తిరిగి ఇవ్వాలని, 15,000 రూపాయల పరిహారం చెల్లించాలని వినియోగదారుల కమిషను ఆదేశించింది. ఆ పట్టుదలను దేశం మెచ్చుకుంది. మెచ్చుకోవలసిందే. కాని హక్కు దక్కడానికి అసాధారణమైన పట్టుదల అవసరమైతే అది వ్యవస్థకు ప్రశంసాపత్రం కాజాలదు.

ద్వారం వద్ద నిలబడ్డవాడు

ఈ విషయంలో ప్రాచీన భారతీయ రాజనీతి ఏమనుకున్నదో చూడటం ఉచితం. కౌటిల్యుడి అర్థశాస్త్రం నూరు పణాలపై నెలకు ఒకటిం బావు పణం ధర్మ్యమైన వడ్డీ అని పేర్కొని, వ్యాపారులకు, అడవులు దాటేవారికి, సముద్రయానం చేసేవారికి వేర్వేరు పరిమితులు నిర్దేశించింది. వాటిని మించి వసూలు చేసినవారికే గాక చేయించినవారికీ దండన విధించింది. విశేషమేమంటే, అటువంటి వ్యవహారానికి శ్రోతలుగా నిలిచిన సాక్షులకు కూడా ఒక్కొక్కరికి అందులో సగం దండన చెప్పింది. అన్యాయాన్ని చూస్తూ ఊరుకోవడం కూడా అందులో పాలుపంచుకోవడమేనన్న భావన దీనికి పునాది. అదే గ్రంథం కార్యార్థులై వచ్చినవారిని ద్వారం వద్ద నిరీక్షింపజేయరాదని రాజును హెచ్చరించింది. 13వ శతాబ్దంలో కేతన మితాక్షరను అనుసరించి విజ్ఞానేశ్వరీయాన్ని తెలుగులో రచించినప్పుడు ధర్మశాస్త్రం పండితుల భాష నుంచి ప్రజల భాషలోకి వచ్చింది. 1080 అక్షరాల సులభమైన అర్జీకి, తెలుగు పద్యంలోకి దిగిన న్యాయశాస్త్రానికి మధ్య ఏడు శతాబ్దాల దూరం ఉన్నా లక్ష్యం ఒకటే. చట్టం ఎవరి కోసం ఉన్నదో వారికి అది అందాలి.

దీని నుంచి తేలే కర్తవ్యాలు ముగ్గురికి చెందుతాయి. తన సొమ్ము అన్యాయంగా పోయిందని భావించిన పౌరుడు, శక్తి ఉన్నంతలో అడగాలి. మొత్తం చిన్నదన్న సంకోచం అక్కరలేదు. అడిగేవాడు తన కోసమే కాక అడగలేనివారి కోసం కూడా దారి వేస్తాడు. సొమ్ము తీసుకున్న సంస్థ, ఒకరికి తిరిగి ఇవ్వవలసి వచ్చినప్పుడు అదే స్థితిలోని ఇతరుల లెక్కలను కూడా తానే తిరగవేయాలి. సంస్థ వద్ద కంప్యూటరు ఉన్నది, జాబితా ఉన్నది, చిరునామాలు ఉన్నాయి. వసూలు చేయడానికి పనికివచ్చిన యంత్రం తిరిగి ఇవ్వడానికి పనికిరాదనడం చెల్లదు. ఇక అధికారి బాధ్యత అన్నింటికంటె గురుతరమైనది. ఫిర్యాదుల సంఖ్య తగ్గిందన్న నివేదిక చూసి అతడు తృప్తిపడరాదు. ప్రజలు సంతృప్తులై మౌనంగా ఉన్నారో, అలసిపోయి మౌనంగా ఉన్నారో విచారించాలి. ఈ రెండు మౌనాలూ కాగితం మీద ఒకే విధంగా కనిపిస్తాయి. వాటి మధ్య భేదాన్ని గుర్తించడమే పరిపాలనలోని వివేకం.